పళ్ల క్లిప్పుల్లో నా మార్కులు రబ్బరుకే

పళ్లకు క్లిప్పులు వేయించుకోవాలా వద్దా, మెటల్‌వి మేలా సిరామిక్‌వి మేలా, నొప్పి ఎంత ఉంటుంది అన్నవాటి మీద ఇప్పటికే చాలామంది రాశారు. వాటి జోలికి నేను పోను. చాలాకాలం క్లిప్పులతో గడిపినవాళ్లలో ఒకరిగా నేను చెప్పాలనుకునేది ఒక్క వస్తువు గురించే. పై వరుస నుంచి కింది వరుసకు మనమే తగిలించుకునే ఆ చిన్న రబ్బరు బ్యాండు. అరచేతిలో పెట్టుకుంటే ఉందో లేదో తెలియదు. కానీ నా నోట్లో వైరు వల్ల కాని పనిని అదే చేసింది. అందుకే దానంటే నాకు అంత ఇష్టం.

ముందు ఒక గందరగోళం తీర్చాలి. ప్రతి పంటి మీదా అంటించే చిన్న దిమ్మలు, అంటే బ్రాకెట్ల చుట్టూ రంగురంగుల్లో కనిపించే చిన్న రింగులు వేరు. అవి వైరు జారిపోకుండా బ్రాకెట్‌కు కట్టి ఉంచేవి, వాటిని డాక్టరే మారుస్తారు. సందులు మూయడానికి గొలుసులా వేసే రబ్బరు చైను కూడా వేరు. నేను మాట్లాడేది రోజూ మన చేత్తో తీసి, మన చేత్తో పెట్టుకునే ఎలాస్టిక్స్ గురించి.

నావి ఎత్తు పళ్లు. వైరు వేసిన కొన్ని నెలలకే వంకరలు పోయాయి, ఫొటోల్లో పలువరుస చక్కగా కనిపించింది. ఇక అయిపోయినట్టే అనుకున్నాను. డాక్టరుగారు మాత్రం నోరు మూసి చూపించమని, పక్క నుంచి అద్దం పట్టారు. పై పళ్లు కింది పళ్ల కంటే ఇంకా ముందుకే ఉన్నాయి. రెండు వరుసలూ విడివిడిగా చూస్తే బాగున్నాయి, ఒకదానితో ఒకటి మాత్రం కలవడం లేదు. "వైరు ఏ వరుసలో ఉంటే ఆ వరుసనే సర్దుతుందండీ. పై వరుసకూ కింది వరుసకూ మధ్య ఉన్న దూరం దానికి తెలియదు. ఆ రెండింటినీ కలిపి పట్టుకునేది ఇంకోటి కావాలి" అన్నారు. రబ్బర్లు ఎందుకు అన్న ప్రశ్నకు ఇంత కంటే సూటైన జవాబు నేను తర్వాత ఎక్కడా వినలేదు.

నాకు ఇచ్చిన పద్ధతి, పై కోరపంటి దగ్గరున్న హుక్కు నుంచి కింది మొదటి దవడ పంటి హుక్కు దాకా, రెండు వైపులా. దీన్ని క్లాస్ టూ ఎలాస్టిక్స్ అంటారు. పై వరుసను వెనక్కి, కింది వరుసను ముందుకు లాగుతుంది. కింది దవడ ముందుకు ఉన్నవాళ్లకు దీన్నే తిరగేసి, పై దవడ పన్ను నుంచి కింది కోరపన్నుకు వేస్తారు, అది క్లాస్ త్రీ. ముందు పళ్లు కలవక మధ్యలో ఖాళీ ఉంటే నిలువుగా, చదరంగా వేస్తారు. పక్క పళ్లు అడ్డంగా తప్పి కూర్చుంటే ఒక వరుసలో లోపలి వైపు నుంచి రెండో వరుసలో బయటి వైపుకు వేస్తారు. వస్తువు అదే, కొసలు ఎక్కడ తగిలిస్తామన్నదాన్ని బట్టి పని మారిపోతుంది. ఇది ఎంత నిజమో తర్వాత నాకు చేదుగా అర్థమైంది, ఆ సంగతి కిందికి వచ్చాక చెబుతాను.

మొదటి రోజే రబ్బర్లు ఎందుకు ఇవ్వలేదని నాకు సందేహం ఉండేది. మొదట్లో వేసే వైరు సన్నగా, మెత్తగా ఉంటుంది. దాని మీద రబ్బరు లాగితే పళ్లు నిలువునా కదలకుండా ఒరిగిపోతాయట. మందపాటి, నలుచదరపు స్టీలు వైరు ఎక్కి వరుస మొత్తం ఒక్క ముక్కలా గట్టిపడ్డాకే లాగడం మొదలుపెడతారు. కాబట్టి మీ పక్కవాళ్లకు ముందే ఇచ్చారు, నాకింకా ఇవ్వలేదు అని టెన్షన్ పడనక్కర్లేదు.

ప్యాకెట్ మీద ఉండే అంకెలు నన్ను బాగా ఆకట్టుకున్నాయి. అంగుళంలో 3/16, 1/4, 5/16 అని ఒకటి ఉంటుంది, అది లాగకముందు రబ్బరు లోపలి వ్యాసం. పక్కనే ఔన్సుల్లో 3.5 అనో 4.5 అనో 6.5 అనో ఉంటుంది, అది బలం. 3.5 ఔన్సులంటే దాదాపు 100 గ్రాముల లాగుడు. అయితే ఆ బలం రబ్బరును దాని వ్యాసానికి మూడింతలు సాగదీసినప్పటి లెక్క. 1/4 అంగుళం అంటే సుమారు 6.35 మిల్లీమీటర్లు. మూడింతలు చేస్తే 19 మిల్లీమీటర్లు. నా హుక్కుల మధ్య దూరం దాని కంటే ఎక్కువైతే బలం పెరుగుతుంది, తక్కువైతే తగ్గుతుంది. అంటే ఒకే ప్యాకెట్ ఇద్దరి నోళ్లలో ఒకేలా పనిచేయదు. తెలిసినవాళ్ల ప్యాకెట్ తెచ్చి వాడుకుందాం అనుకునేవాళ్లు ఈ ఒక్క కారణంతోనే ఆగిపోవాలి.

మొదటి వారం దవడ పళ్లు సలపరించాయి. ఒక వైపు తగిలించి రెండో కొస పట్టుకుని వెనక్కి లాగేసరికి, అది వేలి నుంచి జారి పెదవికి చురుక్కున తగిలేది. ప్యాకెట్‌తో పాటు చిన్న ప్లాస్టిక్ పుల్ల ఇస్తారు, చివర వంపు ఉంటుంది. నాకు అది వెనక పన్ను వరకే పనికొచ్చింది. ముందు వెనక హుక్కుకు తగిలించి, తర్వాత ముందుకు లాక్కొచ్చి కోరపంటికి వేయడం తేలిక. కోరపన్ను కళ్లెదుట ఉంటుంది, వెనకది చేతి వాటం మీద ఆధారపడి ఉంటుంది. ఈ వరస పట్టుబడ్డాక అద్దం అక్కర్లేకపోయింది. ఆవలింతలకు మాత్రం చివరి దాకా భయపడ్డాను. పూర్తిగా తెరిస్తే తెగుతుంది, తెగితే బుగ్గ లోపల కొడుతుంది.

ఇక నన్ను నిజంగా ఆశ్చర్యపరిచిన రోజు. ఊడిన బొత్తాం కుట్టుకుంటూ, ముడి వేశాక కత్తెర అందక దారాన్ని నోటితో కొరికాను. పుటుక్కున తెగింది. తెగిందని కాదు, ఎక్కడ తెగిందన్నదే విశేషం. ముందు పళ్ల మధ్య తెగింది. చిన్నప్పటి నుంచీ దారం కొరకాలంటే మూతి పక్కకు తిప్పి కోరపంటి వెనకాల పెట్టి కొరకడమే నాకు తెలుసు. ముందు పళ్లతో పట్టుకుంటే కింది పళ్లకు అందేదే కాదు, నలిగి బయటికి వచ్చేది. సూది అలా పక్కన పెట్టి ఇంకో ముక్క, ఇంకో ముక్క కొరుకుతూ కూర్చున్నాను. పై పన్ను అంచు కింది పన్ను అంచు మీద నుంచి జారి సరిగ్గా దాని ముందు ఆగడం, మధ్యలో దారం నలగకుండా తెగడం. ముందు పళ్లు సరిగా కలిసి పుట్టినవాళ్లకు ఇందులో ఏముందో అర్థం కాకపోవచ్చు. నాకు మాత్రం పలువరుస అందం కంటే ఇదే పెద్ద సంతోషం.

అది రబ్బరు వల్లే అని ఎలా తెలుసంటే, వైరు అప్పటికి చాలా నెలలుగా ఉంది. కొత్తగా చేరింది రబ్బరొక్కటే. ఇంత తక్కువ బలం ఎముకలో కూర్చున్న పంటిని ఎలా కదిపిందన్నది నన్ను వదల్లేదు. డాక్టరుగారిని అడిగి, చదివి తెలుసుకున్నది ఇది. పంటి వేరుకూ ఎముకకూ మధ్య దాదాపు 0.2 మిల్లీమీటర్ల మందంలో ఒక మెత్తటి పొర ఉంటుంది. రబ్బరు లాగినప్పుడు ఒక వైపు అది నలుగుతుంది, రెండో వైపు సాగుతుంది. నలిగిన వైపు ఎముకను కరిగించే కణాలు చేరతాయి, సాగిన వైపు కొత్త ఎముక కట్టే కణాలు చేరతాయి. పన్ను ఎముకలోంచి దూసుకుపోవడం లేదు, ఎముకే దానికి దారి ఇచ్చి వెనకాల పూడ్చుకుంటోంది. అందుకే వేగం అంత తక్కువ, బాగా కదిలినా నెలకు మిల్లీమీటరు చుట్టుపక్కలే.

రోజుకు 20 గంటల పైన పెట్టుకోమనడంలో మర్మం కూడా ఇక్కడే ఉంది. ఈ కణాల పని మొదలవడానికే నొక్కుడు కొన్ని గంటల పాటు ఆగకుండా ఉండాలి. నాలుగు గంటల లోపు తీసేస్తూ పెడుతూ ఉంటే దాదాపు ఏమీ జరగదు. అలాగని రెండు రబ్బర్లు ఒకేసారి వేస్తే రెట్టింపు వేగం రాదు. బలం మరీ ఎక్కువైతే ఆ పొరలో రక్తం ఆడక, అక్కడి కణాలు చచ్చి, పన్ను కొన్నాళ్లు కదలకుండా మొండికేస్తుంది. పైగా వేరు కొస అరిగే ప్రమాదం. తొందరపడి రెండేసి వేసుకునేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

రోజూ కొత్తది ఎందుకని నాకూ మొదట అనుమానమే. తెగలేదు కదా, ఇంకో రోజు ఉంచితే ఏం? ఒకసారి రాత్రంతా నోట్లో ఉన్న రబ్బరును, ప్యాకెట్‌లోంచి తీసిన కొత్త రబ్బరును తెల్ల కాగితం మీద పక్కపక్కన పెట్టి చూశాను. కొత్తది చిన్న గుండ్రటి సున్నా. పాతది వదులైపోయి కోలగా పడి ఉంది, రంగు కూడా పాలిపోయింది. రెండు వేళ్ల మధ్య సాగదీస్తే తేడా చేతికే తెలుస్తుంది. లేటెక్స్ రబ్బరు తగిలించిన మొదటి గంటల్లోనే గణనీయంగా బలం కోల్పోతుంది, తర్వాత నెమ్మదిగా తగ్గుతూ పోతుంది. నోటి తడి, వేడి, నమలడం అన్నీ దాన్ని వదులు చేస్తాయి. చూడ్డానికి రబ్బరు ఉంటుంది, లాగుడు ఉండదు. ఆ కాగితం చూశాక పాతది మళ్లీ పెట్టుకోవాలని నాకెప్పుడూ అనిపించలేదు.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదని తెలిసి ముచ్చటేసింది. కాల్విన్ కేస్, హెన్రీ బేకర్ అనే దంతవైద్యులు 1890లలోనే పై దవడకూ కింది దవడకూ మధ్య రబ్బరు కట్టి లాగించారు. చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో పేటెంట్ తీసుకున్న, రబ్బరును గంధకంతో ఉడికించి గట్టిపరిచే పద్ధతి లేకపోతే, సాగి మళ్లీ వెనక్కి వచ్చే ఇలాంటి రబ్బరే ఉండేది కాదు. బ్రాకెట్లు మారాయి, వైర్ల లోహాలు మారాయి, ఈ రబ్బరు సూత్రం మాత్రం అలాగే ఉంది.

ఇప్పుడు చేదు సంగతి. కుడి వైపు కింది దవడ పంటి మీద అంటించిన ట్యూబు, అంటే వైరు కొస దూరే చిన్న లోహపు గొట్టం, ఊడొచ్చింది. హుక్కు దానికే ఉంటుంది కాబట్టి కుడి వైపు రబ్బరు తగిలించడానికి చోటే లేకుండా పోయింది. నేను చూపించుకునే క్లినిక్‌కు ఫోన్ చేస్తే డాక్టరుగారు ఊళ్లో లేరన్నారు. ఫోన్ ఎత్తినవాళ్లు "ఎడమ వైపు ఉంది కదండీ, అది మామూలుగా వేసుకుంటూ ఉండండి, ఏమీ కాదు" అన్నారు. చెప్పిన మాట చెప్పినట్టు పాటించాను. తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా వారాలకు వారాలు ఎడమ వైపు ఒక్కటే వేసుకున్నాను.

అద్దంలో మొదట కనిపించింది నడిమి గీత. పై ముందు పళ్లు రెండింటి మధ్య గీత, కింది పళ్ల మధ్య గీత, రెండూ అంతకుముందు ఒకే లైన్లో ఉండేవి. ఇప్పుడు పైది ఎడమకు, కిందిది కుడికి జరిగాయి. మొదట నా కళ్లదే పొరపాటు అనుకుని పెదవులు వేళ్లతో పైకెత్తి, తల నిటారుగా పెట్టి మళ్లీ చూశాను. లేదు, జరిగాయి. ఎడమ వైపు పళ్లు గట్టిగా కూర్చుంటున్నాయి, కుడి వైపు నమిలితే సరిగా తగలడం లేదు.

డాక్టరుగారు తిరిగొచ్చాక చిన్న స్కేలు పెట్టి చూశారు, మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువే. ఒక్క వైపే లాగితే అదే జరుగుతుందని, ఇందులో వింతేమీ లేదని చెప్పారు. ఎడమ కోరపంటిని వెనక్కి లాగితే పై వరుస మొత్తం ఎడమకు తిరుగుతుంది. అదే సమయంలో కింది ఎడమ దవడ పన్ను ముందుకు వస్తే కింది వరుస కుడికి నెట్టుకుపోతుంది. రెండు వైపులా ఉన్నప్పుడు ఈ తిప్పుడు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది. ఒక వైపు తీసేస్తే ఆపేవాళ్లు లేరు.

నాకు ఇప్పటికీ కోపం వచ్చేది రబ్బరు మీద కాదు, ఆ ఫోన్ మీద. అంత తేలిగ్గా "ఏమీ కాదు" అనకుండా, డాక్టరుగారిని కనుక్కుని చెబుతామన్నా సరిపోయేది. ఉన్న వైపు కూడా ఆపేయమని చెప్పి ఉంటే కొద్దిగా వెనకబడేదాన్ని తప్ప తప్పుదారి పట్టేది కాదు నా కేసు. లేదా వేరే డాక్టరు దగ్గరికి పంపినా, పక్క పంటి బ్రాకెట్‌కు సన్నటి తీగతో తాత్కాలికంగా ఒక హుక్కు కట్టేవారు. నిమిషాల పని. రబ్బరుకు తెలివి ఉండదు, ఎటు తగిలిస్తే అటు లాగుతుంది, రోజుకు 20 గంటలు లాగుతుంది. అలాంటి వస్తువు గురించి సలహా చెప్పేవాళ్లు తెలిసి చెప్పాలి.

దిద్దిన తీరు మాత్రం నాకు మళ్లీ రబ్బరు మీద గౌరవం పెంచింది. ట్యూబు తిరిగి అంటించి, కొన్నాళ్లు కుడి వైపు మాత్రమే వేసుకోమన్నారు. తేడా తెచ్చిన పనినే రెండో వైపు నుంచి చేయించడం. దానికి తోడు ముందు వైపు ఏటవాలుగా ఇంకొకటి, పై ఎడమ కోరపన్ను నుంచి కింది కుడి కోరపన్ను దాకా. నోరు తెరిస్తే ముందు పళ్లకు అడ్డంగా గీత గీసినట్టు కనిపించేది, మాట్లాడటం ఇబ్బందే. మీటింగుల్లో నోరు కాస్త మూసుకునే మాట్లాడాను. పక్కకు జరగడానికి పట్టిన కాలం కంటే వెనక్కి రావడానికే ఎక్కువ కాలం పట్టింది. గీతలు కలిశాయి. పూర్తిగా కలిశాయని నేనంటాను, వెంట్రుకవాసి తేడా ఉందని డాక్టరుగారు అంటారు.

దారం సంగతి రాస్తూ నా పళ్లు పూర్తిగా మారిపోయినట్టు మాట్లాడాను. దాన్ని కొంచెం తగ్గించాలి. రబ్బర్ల వల్ల నా కింది దవడే ముందుకు వచ్చిందని మొదట్లో అందరికీ చెప్పుకునేదాన్ని. అలా కాదట. నాలా ఎదుగుదల ఆగిపోయిన వయసులో రబ్బర్లు కదిపేది ప్రధానంగా పళ్లనే, దవడ ఎముకను కాదు. నా కింది ముందు పళ్లు మునుపటి కంటే కొద్దిగా బయటికి ఒరిగాయి. దూరం తగ్గడంలో కొంత వాటా ఆ ఒరగడానిదే. మరీ ఒరిగితే అక్కడి చిగురు పలచబడి కిందికి జారే అవకాశం ఉంటుంది కాబట్టి ఆ చోటు ప్రతిసారీ చూస్తున్నారు. క్లాస్ టూ రబ్బరు వెనక నుంచి పైకి, ముందు నుంచి కిందికి కూడా లాగుతుంది కనుక వెనకున్న కింది దవడ పళ్లు పైకి, పై ముందు పళ్లు కిందికి కాస్త పొడుచుకొస్తాయి. నవ్వినప్పుడు పై చిగురు నాకు ఇదివరకటి కంటే కొంచెం ఎక్కువ కనిపిస్తోంది. ఇంట్లోవాళ్లు లేదంటారు, నాకు మాత్రం తెలుస్తోంది. రబ్బర్లు పగలు ఆపేసి రాత్రి మాత్రమే వేసుకున్న నెలల్లో పై పళ్లు ముందుకు రావడానికి కాస్త ప్రయత్నించాయి కూడా. ఇప్పుడు రిటైనర్, అంటే పళ్లు మళ్లీ జరగకుండా పట్టి ఉంచే పరికరం, లేకుండా పడుకోను.

ఒక జాగ్రత్త మాత్రం ఎవరికైనా చెప్పితీరాలి. ఇంత చిన్న రబ్బరు పళ్లను కదిలిస్తోంది కదా అని, ముందు పళ్ల మధ్య సందు మూసుకోవడానికి క్లిప్పులు లేకుండా నేరుగా పంటి చుట్టూ రబ్బరు వేసుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. పంటి వేరు కిందికి పోయేకొద్దీ సన్నబడుతుంది. హుక్కు లేని రబ్బరు దాని మీదుగా జారి చిగురు లోపలికి పోతుంది, బయటికి కనిపించదు, లోపల ఎముకను తినేస్తూ పోతుంది. అలా పళ్లు పోగొట్టుకున్న కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. పొరపాటున రబ్బరు మింగితే అంత కంగారు అక్కర్లేదు, మామూలుగా బయటికి పోతుంది. లేటెక్స్ పడనివాళ్లు మొదటి రోజే చెప్పి లేటెక్స్ లేనివి అడగాలి. అవి ఇంకా త్వరగా వదులవుతాయి కనుక ఎక్కువసార్లు మార్చాల్సి వస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక అందరికీ ఇదే ఫలితం వస్తుందని అనలేను. నా తేడా ఓ మోస్తరుదే. ఎముకలోనే పెద్ద తేడా ఉన్నవాళ్లకు రబ్బరు వల్ల కాదు, పెద్దవయసులో అయితే దవడ ఆపరేషన్ దాకా వెళ్లాల్సి రావచ్చు. ఇంకా ఎదిగే పిల్లలకు వేరే పరికరాలున్నాయి. నా పని కూర్చుని చేసేది, ఎప్పుడంటే అప్పుడు చేతులు కడుక్కుని రబ్బరు మార్చుకోగలిగాను. రోజంతా మాట్లాడే ఉద్యోగమో, చేతులకు తీరిక లేని ఉద్యోగమో అయితే ఆ 20 గంటలు నిండడం కష్టం, గంటలు నిండకపోతే నేను చెప్పిన సంతోషమేదీ రాదు. కాబట్టి రబ్బర్ల ప్యాకెట్ చేతికిచ్చిన రోజునే డాక్టరుగారిని రెండు ప్రశ్నలు అడగండి: నాది పళ్ల తేడానా, ఎముక తేడానా? ఒక వైపు హుక్కు ఊడితే రెండో వైపు ఏం చేయాలి? రెండో దానికి జవాబు ప్యాకెట్ మీదే రాయించుకోండి.